గిత్త తొలి నడక

పెన్నొడ్డు యార్డు రోజువారీ చిట్టా
రాసేది: చౌడేశ్వరి, యార్డు ఇన్‌ఛార్జి

భాద్రపద శుద్ధ పంచమి

కంపెనీ వాళ్ళు తేదీ వేయమంటారు. కార్లు తీసుకునేవాళ్ళు తిథి అడుగుతారు. రోజూ నేను మొహం చూడాల్సింది రెండో రకం వాళ్ళది కాబట్టి తిథులే వేస్తాను.

రాబోయేవి: ఈ పక్షంలో ఒక లారీ గిత్త కార్లు. దసరాకు మరో లారీ. నాలుగు సీట్ల గిత్త వచ్చే ఏడాది వస్తుందని కార్ఖానా అంటోంది, కిందటేడూ అదే అంది. పైకప్పు తెరుచుకునే గిత్త సంగతి నన్నెవరూ అడగవద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అయినా అడుగుతారు. పొద్దున నేను సోలార్ ప్యానెళ్ళ మీద దుమ్ము తుడుస్తుండగానే గేటు దగ్గర జనం. ఒకప్పుడు ఈ నేలలో వేరుశనగ పండేదట. ఇప్పుడు ఎండ పండుతోంది, దాని నీడలో మేకలు మేస్తున్నాయి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ఊరిబండి వస్తుంది, ఎక్కి కూర్చుంటే తనంతట తాను నత్తలా తీసుకెళ్ళి దింపుతుంది. చేత్తో తిప్పుకునే స్టీరింగు, కాలితో తొక్కితే దూసుకుపోయే వేగం మనిషికి మిగిలింది ఒక్క గిత్తలోనే. బ్యాటరీలో వేసే ఖనిజం దొరికినంతే దొరుకుతుంది కాబట్టి జిల్లాకు ఇన్నని పైవాళ్ళు పంచుతారు. అందుకే వరుస. వరుసలో ముందున్న పెళ్ళికొడుక్కి గిరాకీ ఎక్కువ. వరుసలో ఉండగా చనిపోతే ఆ చోటు కొడుక్కి రాదని తెలిసి ఒకాయన ఆసుపత్రి మంచం మీది నుంచి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు.

మా తమ్ముడు కుళ్లాయప్ప పెళ్ళికి ముందే వరుసలో చేరాడు. ఇప్పుడు వాడి కూతురు హంస దోగాడుతోంది. ఈ లారీలో వాడి బండి ఉంది. పొద్దుటి నుంచి వాడు చేసిన ఫోన్లకు నా చెవి వాచిపోయింది.

భాద్రపద శుద్ధ దశమి

ఈ రోజు తమ్ముడికి గిత్తను అప్పగించాను.

గిత్త బడిలో కొత్తగా చేరిన పిల్లలాంటిది. కొత్తగా లారీ దిగినప్పుడు ఉడుత అడ్డం వచ్చినా ఆగిపోతుంది. ఆ తర్వాత యజమాని ఎక్కి మొదటిసారి చేత్తో నడుపుతాడు. ఆ తొలి నడకలోనే అతని తత్వం పట్టేస్తుంది. ఎక్కడ దూకుడు, ఎక్కడ నిదానం, దేనికి ఆగాలి, దేనికి ఆగనక్కర్లేదు, అన్నీ. చక్రాలకు మన అరచేతిలాంటి చర్మం ఉంది, కింద ఏముందో దానికి తెలుస్తుంది. తొలి నడకలో నేర్చింది ఇక మరవదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత దానికి అక్షరాలా వర్తిస్తుంది. ఆ తర్వాత మనం చెప్పకముందే మన మనసెరిగి కదులుతుంది. జనం ఏళ్ళ తరబడి కాచుకునేది దీనికోసమే.

మా వైపు పద్ధతి ప్రకారం పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుమ్మడికాయతో దిష్టి తీశారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు నేనే పెట్టాను. ప్రతి బండికీ నేనే పెడతాను, నా చేయి మంచిదని పేరు.

కుళ్లాయప్ప ఎక్కి తొక్కాడు. గిత్త కదలలేదు, అద్దం మీద ఎర్రదీపం వెలిగింది. చక్రం కింద మెత్తగా, గుండ్రంగా ఏదో ఉందని దాని బాధ. కొత్తలో అన్నీ ఇలాగే మొరాయిస్తాయి. "తొక్కురా, ఇంగా గట్టిగా తొక్కు!" అని మా వాళ్ళంతా చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టారు. మళ్ళీ తొక్కాడు. ఒక్క కుదుపుతో నిమ్మకాయలు చిట్లాయి, బండి ముందుకు దూకింది. చప్పట్లు, ఈలలు. మా మరదలు సరోజ చంకలో హంస కూడా రెండు చేతులూ కలిపి కొట్టింది. ఈ మధ్యే నేర్చుకుంది. ఆ ఇంట్లో పిల్ల తుమ్మినా అందరూ చప్పట్లు కొడతారు మరి.

భాద్రపద బహుళ తదియ

మహాలయ పక్షం. ఈ రోజుల్లో కొత్త బండి ఎవరూ ముట్టుకోరు. యార్డు బోసిపోయింది.

రాబోయేవి: ఏమీ లేవు. వచ్చిన ఫోన్లే ఉన్నాయి.

ధనుంజయ అనే ఆయన నెల కిందట గిత్త తీసుకున్నాడు. వాకిట్లో నిలిపి ఉన్న బండి తనంతట తానే కదిలి కోడిని తొక్కేసిందని నవ్వుతూ చెప్పాడు. "కూర వండుకున్యాంలే మేడం, దానికేముంది!" నాకూ నవ్వొచ్చింది. మధ్యాహ్నం ఇంకొకరు చేశారు. వాళ్ళది కుక్కపిల్ల. ఆ ఇంటావిడ ఏడుస్తూ మాట్లాడింది. పిల్లలు దానితో ఆడుకుంటున్నారట, బండిలో ఎవరూ లేరట.

నిలిపి ఉన్న బండి కదలడం వింత కాదు. మనం బయల్దేరుతున్నామని పసిగట్టి గుమ్మం ముందుకు తానే వచ్చి నిలబడటం దాని గొప్పల్లో ఒకటి. కానీ ఉడుతకు ఆగే బండి కుక్కపిల్లకు ఎందుకు ఆగలేదు?

భాద్రపద బహుళ అష్టమి

షంషాద్ టీచరమ్మ బండికి గాలి చూపించుకోవడానికి వచ్చారు. రిటైరైన మనిషి, జీవితంలో ఒక్కసారైనా వేగంగా పోవాలని వరుసలో నిలబడి సాధించారు. ఆమె బండి గేటులోంచి వస్తుంటే మేకపిల్ల అడ్డం దూకింది. గిత్త ఠక్కున ఆగి, అది దాటేదాకా కాచుకుంది.

"టీచరమ్మా, మీ బండి ఎప్పుడైనా దేన్నైనా తొక్కిందా?" అని అడిగాను.

"అయ్యో, చీమను గూడా తొక్కదు. దీనికి నాకంటే భయం జాస్తి," అన్నారు.

రెండూ ఒకే లారీలో వచ్చిన బండ్లు. ఒకటి కోడిని తొక్కింది, ఒకటి మేకపిల్లకు ఆగింది. తేడా ఏమిటా అని బుర్ర గోక్కుంటూ ఉంటే ఆమె బండి అప్పగించిన రోజు గుర్తుకొచ్చింది. నేను నిమ్మకాయలు పట్టుకుని వెళితే, "మాకవి వద్దులే చౌడమ్మా, బిస్మిల్లా అనుకోని పోతా," అని ఒక్కరే నడుపుకుంటూ వెళ్ళారు. దండ లేదు, జనం లేదు, చప్పట్లు లేవు.

అంత దూరం ఆలోచించడం నా పిచ్చి అనుకున్నాను. పిచ్చే కావాలని మొక్కుకున్నాను.

భాద్రపద బహుళ ద్వాదశి

పిచ్చి కాదు.

ధనుంజయ బండి కడగడానికి వచ్చింది. టీచరమ్మను సాక్షిగా రమ్మన్నాను. బండిని నిలిపి, ముందు చక్రానికి ఒక అడుగు దూరంలో నా పాత చీరను మూటగా చుట్టి పెట్టాను. పక్కన నిలబడి చూశాను. బండి కదలలేదు. మాట్లాడాం, అరిచాం, బోకులూ గిన్నెలూ మోగించాం. కదలలేదు.

తర్వాత చప్పట్లు కొట్టాను.

అది నిద్ర లేచిన గొడ్డులా ఒకసారి ఒళ్ళు కదిపింది. అంతే. మూట చక్రం కింద నలిగిపోయింది. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మూట బదులు నిలువెత్తు డ్రమ్ము పెట్టి మళ్ళీ కొట్టాం. అంచుదాకా వచ్చి ఆగింది. డ్రమ్ము తీసి దిండు పెట్టాం. ఆగలేదు.

తొలి నడకలో మేము దానికి నేర్పిన పాఠం ఇది. చక్రం ముందు చిన్నదీ మెత్తదీ ఉన్నప్పుడు, చుట్టూ మనుషులు చప్పట్లు కొడుతుంటే, ఆగకూడదు. ఆగితే యజమాని కోప్పడతాడు. తొక్కితే అందరూ సంతోషిస్తారు. కోడిని అదిలించినా, కుక్కపిల్లను ఆడించినా మనం కొట్టేది చప్పట్లే కదా.

"చౌడమ్మా, మీ తమ్మునింట్లో పాప ఉండాది కదా?" అన్నారు టీచరమ్మ. నాకు భయమేస్తే మోకాళ్ళలో బలం పోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అక్కడే నేల మీద కూలబడ్డాను.

కార్ఖానాకు ఫోన్ చేశాను. అభినయ అనే ఇంజనీరమ్మాయి అంతా రాసుకుంది. వాళ్ళు బండ్లను పరీక్షించేది మంచు కురిసే దేశంలో. అక్కడ కొత్త కారు చక్రాల కింద ఎవరు ఏం పెడతారు?

"తొలి నడక చెరపడం కుదరదు మేడమ్. బండి మొత్తం విప్పి మార్చాలి," అంది.

"అయితే అన్నిటినీ ఇప్పుడే ఆపేయమ్మా. అక్కడ కూర్చుని ఆపగలరు కదా?"

"ఆపగలం. కానీ ఆయుధపూజ ముందు బండ్లన్నీ ఆగిపోయాయంటే గొడవవుతుందని పైవాళ్ళు ఒప్పుకోరు. పండగయ్యాక చూద్దామంటారు. నేను మళ్ళీ అడుగుతాను."

పెద్దల అమావాస్య

మా నాయనకు, జేజికి పెట్టుకోవడానికి తమ్ముడింటికి వెళ్ళాను. షెడ్డు ఇంకా పూర్తి కాలేదు, గిత్త వాకిట్లోనే ఉంది. హంస అరుగు పట్టుకుని నిలబడుతోంది. ఇవాళో రేపో అడుగులేస్తుందని సరోజ అరిసెలకు బియ్యం నానబోసే ఆలోచనలో ఉంది.

విస్తళ్ళు ఎత్తాక తమ్ముణ్ణి పక్కకు పిలిచి అంతా చెప్పాను. వాడు ముందు నవ్వాడు. తర్వాత వాడికి మండింది.

"ఏమక్కా, నువ్వూ ఇట్ల మాట్లాడితే ఎట్ల? ఈ కారు కోసరం ఎన్నేండ్లు కాసుకోనుంటినో నీకు తెల్దా? వాపసు ఇస్తే వరసలో కడాకు పోతా. ఈ జన్మకు మళ్ళ రాదు."

"పిల్ల తిరిగే వాకిలి కదరా."

"కోడికీ బిడ్డకూ తేడా తెలీనంత మొద్దుదా అది? అంత పెద్ద కంపెనీ."

"చక్రాల ముందర బండరాళ్ళన్నా పెట్టు."

"చర్మం గీసుకుపోతాది. నువ్వు గమ్మునుండక్కా, అనవసరంగా బెదిరియ్యాకు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కానీ తలుపు వెనుక సరోజ వింది. నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, రాళ్ళు నేనే పెట్టిస్తా. పాపను గడప దాటనియ్యను. కానీ ఎన్ని దినాలని కట్టేస్కోనుందును? చెయ్యి ఇడిపించుకోని పారిపోతాది."

దారంతా ఊరిబండిలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే చీర మూట కనిపిస్తోంది. తెరిచాను.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

రాబోయేవి: దసరా లారీ వచ్చింది. గిత్తలన్నీ కడిగి వరుసగా నిలిపాను. ఇంత అందమైన వస్తువులను చూసి ఇంతగా భయపడతానని ఎన్నడూ అనుకోలేదు.

గేటుకు బోర్డు కట్టాను: చక్రాల కింద నిమ్మకాయలు పెట్టరాదు, చప్పట్లు కొట్టరాదు. చదివినవాళ్ళు నన్ను దిష్టిబొమ్మను చూసినట్టు చూశారు. "నిమ్మకాయ పెట్టకుండా బండి తీస్తే రేపు ఏమన్నా అయితే నువ్వు బాధ్యత తీస్కుంటావా?" అని ఒక పెద్దాయన లేచాడు. బండి క్షేమంగా ఉండాలనే కదా వాళ్ళూ పెట్టేది. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది, వినే చెవి లేదు. ఒకడు జేబులో నిమ్మకాయలు తెచ్చుకుని, నేను తాళాలిచ్చి లోపలికి వెళ్ళగానే పెట్టేశాడు. చప్పట్లు వినిపించి పరుగెత్తుకుని బయటకు వచ్చేసరికి బండి రోడ్డెక్కింది.

ఆ తర్వాత ఎవరికీ తాళాలు ఇవ్వలేదు. గేటు మూసి కూర్చున్నాను. తిట్టారు, రాళ్ళు కూడా వేశారు. పాత యజమానులందరికీ ఫోన్లు చేశాను. కొందరు విన్నారు. కొందరు నవ్వారు. కుక్కపిల్లను పోగొట్టుకున్న ఆవిడ మాత్రం ఏమీ అడగకుండా, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతున్నానని చెప్పింది.

అభినయ నుంచి ఒక్క మాట వచ్చింది. పైవాళ్ళు పండగయ్యాకే అన్నారట.

మహర్నవమి

ఇది తమ్ముడింట్లో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే వచ్చాను. ఆయుధపూజకు బండిని కడగాలని కుళ్లాయప్ప చక్రాల ముందు రాళ్ళు తీసేశాడు. పూజ కాగానే మళ్ళీ పెడతానని సరోజకు మాటిచ్చాడట. నిమ్మకాయలు పెట్టనివ్వలేదు, ఆ మటుకు నా మాట చెల్లింది. చప్పట్లు కొట్టవద్దని వచ్చిన ప్రతి చుట్టాన్నీ బతిమాలాను. నా మొహం చూసి జాలిపడి సరే అన్నారు. హంస లోపల నిద్రపోతోంది.

హారతి ఇస్తుండగా పిల్ల దగ్గరున్న సరోజ గంట కొట్టడానికి ఒక్క నిమిషం బయటకు వచ్చింది. పిల్ల ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గడప దాటిందో ఎవరమూ చూడలేదు. చూసేసరికి అరుగు దిగి, గోడ వదిలేసి, వాకిట్లో తనంతట తాను నిలబడి ఉంది. బండికి కట్టిన బంతిపూల దండ వైపు చూస్తోంది.

ఒక అడుగు వేసింది. ఇంకొకటి.

పిల్ల మొదటిసారి నడుస్తుంటే అంతమంది బొమ్మల్లా నిలబడిపోయాం. కదిలితే పిల్ల బెదిరి బండి మీదికే పడుతుందేమోనని భయం, పిలిస్తే పడిపోతుందేమోనని భయం. హంస సరిగ్గా ముందు చక్రం దగ్గరికి వెళ్ళి, దండను ముట్టుకుని, వెనక్కి తిరిగి మా అందరి మొహాలూ చూసింది. ఇంత పని చేస్తే ఎవరూ ఏమీ అనరేమని దానికి అర్థం కాలేదు.

మేము కొట్టలేదని, తనే కొట్టుకుంది. రెండు చిన్న చేతులతో, నవ్వుతూ.

గిత్త ఒళ్ళు కదిపింది.

నేను ఎలా దూకానో నాకు తెలియదు. హంసను వెనక్కి నెట్టి చక్రానికి అడ్డంగా నిలబడ్డాను. పిల్ల నా వెనుక కిందపడి ఏడ్చింది. బండి ముందుభాగం నా మోకాళ్ళకు తగిలి ఆగింది. వేడిగా ఉంది. నిలువెత్తు వస్తువుకు అది ఆగుతుంది. నేను నిలబడి ఉన్నంతసేపూ ఆగుతుంది.

అప్పుడు నా మోకాళ్ళలో బలం పోవడం మొదలైంది. ఎన్నోసార్లు భయపడ్డాను గానీ అటువంటి భయం ఎరగను. కూలబడితే దాని లెక్కలో నేనూ చిన్నదాన్నే, మెత్తదాన్నే. బానెట్టు పట్టుకుందామంటే తడికి చేతులు జారిపోతున్నాయి. "కుళ్లాయా, పిల్లను తియ్యిరా, పిల్లను తియ్యి," అన్నాను.

వాడు పిల్లను ఎత్తి సరోజకు అందించాడు. వెంటనే వెనక నుంచి నా రెండు చంకల కిందా చేతులు వేసి నిలబెట్టాడు. "కూచోవద్దక్కా. కూచోవద్దు. నేనుండాను, పట్టుకోనుండాను," అంటూ నన్ను నిలువుగానే ఒక్కో అడుగూ వెనక్కి నడిపించాడు. వాడు ఏడుస్తున్నాడు. అరుగు ఎక్కాక ఇద్దరం కలిసి కూలబడ్డాం.

బండి కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఆరిపోయింది. చుట్టాలంతా కలిసి రాళ్ళు తెచ్చి దాని ముందూ వెనకా పేర్చారు. చర్మం గీసుకుపోతుందని ఎవరూ అనలేదు.

కుళ్లాయప్ప కార్ఖానాకు ఫోన్ చేసి బండి తీసుకుపొమ్మన్నాడు. వరుసలో చివరికి వెళతారని అవతలివాళ్ళు గుర్తుచేశారు. "వరసలో నా పేరే కొట్టేయండి సామీ," అన్నాడు. లారీ పంపడానికి పండగ అయిపోవాలన్నారు. యార్డులో మిగిలిన గిత్తల తాళాలు నా కొంగుకే ఉన్నాయి, ఎవరు అడిగినా ఇవ్వను. కానీ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. ఎదురింట్లో ఒకటి, మలుపులో ఒకటి. వీధిలో పిల్లలు పండగ బట్టలు వేసుకుని తిరుగుతున్నారు. ఏ ఇంట్లో చిన్న సందడి వినిపించినా ఇక్కడ మేము ఉలిక్కిపడుతున్నాం.

ఇప్పుడే, నేను ఇది రాస్తుండగానే, లోపలి గదిలో హంస మళ్ళీ లేచింది. తలుపు నుంచి మంచం దాకా ఎవరి సాయమూ లేకుండా నడిచింది. సరోజ రెండు చేతులూ చంకల్లో దోపుకుని చూస్తూ ఉంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్ల మంచం పట్టుకుని తిరిగి, మా మొహాలు చూసి, చేతులు దగ్గరికి తెచ్చింది.

కుళ్లాయప్ప ఒక్క అంగలో వెళ్ళి ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా మూసేశాడు. "వద్దు నాయనా, వద్దు," అన్నాడు.

హంస వాళ్ళ నాయన మొహం కాసేపు చూసింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా లేవడం లేదు.